సమాధుల పండుగనాడు చదివిన పేరు

శౌరమ్మ మెల్లగా మాట్లాడగా విన్నవాళ్ళు గుణదలలో ఎవరూ లేరు. మేరీమాత కొండ కింద సందులో ఆమె ఇల్లు. కింద రెండు గదులు, పైన రేకుల గది ఒకటి. పొద్దున్నే కుళాయి దగ్గర ఆమె నోరు విప్పిందంటే ఎదురింటి మాణిక్యమ్మ మనవలకు వేరే అలారం అక్కర్లేదు. అలాగని గయ్యాళి అనుకోవద్దు. ఎవరింట్లో జ్వరమొచ్చినా గంజి కాచి పట్టుకెళ్ళేది ఆమే. కాకపోతే ఆ గంజి తాగేదాకా రోగిని తిడుతూ నిలబడేది. ఆమెది ప్రేమో కోపమో తేల్చుకోవడానికి కొత్తవాళ్ళకు కొంతకాలం పట్టేది.

పుట్టింది ఉయ్యూరు దగ్గర పల్లెలో. తల్లి అమలమ్మ చెరుకు నరికే కూలి. పెళ్ళయ్యాక భర్త జోజికి ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని దొరికితే ఇటు వచ్చేసింది. కామెర్లొచ్చి జోజి చిన్నవయసులోనే పోయాడు. పిల్లలు లేరు. ఏడుస్తూ కూర్చుంటే పొయ్యి వెలగదని కువైట్ వెళ్ళి ఒక అరబ్బుల ఇంట్లో పనికి చేరింది. పదేళ్ళ పైనే ఉంది. వచ్చేటప్పుడు ఈ ఇల్లు కొనుక్కునేంత సొమ్ము, చేతికి నాలుగు బంగారు గాజులు, వంటింటి అరబ్బీ తెచ్చుకుంది. ఆ అరబ్బీలో ఉల్లిపాయలు తరగడం, పిల్లల్ని నిద్రపుచ్చడం, తిట్లు పడటం, తిరిగి తిట్టడం అన్నీ వచ్చు. అక్షరం ముక్క మాత్రం చదవలేదు.

కువైట్లో ఉండగానే అమలమ్మ చనిపోయింది. పాస్‌పోర్టు అరబ్బుల బీరువాలో ఉంది, ఎలాగూ రావడానికి వీలుండదు కదా అని ఇంట్లోవాళ్ళు ఆమెకు చెప్పలేదు. శుక్రవారం ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మ పొలానికెళ్ళింది" అనేవారు. ఈమె నమ్మింది. అమ్మకని చీరలు కొని దాచింది. తోటి పనివాళ్ళ పుట్టినరోజుల్లో పాటలు పాడింది. ఆఖరికి ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఒకావిడ అక్కడి గుడి మెట్ల మీద కనపడి, "మీ అమ్మ పోయాక మీ ఇల్లే చిన్నబోయింది శౌరా" అంది. తల్లి మట్టిలో కలిసిన నెలలన్నీ తను నవ్వుతూ తిరిగానన్న సంగతి శౌరమ్మకు అప్పుడు తెలిసింది. కూతురుండి కూడా ఒక్క కొవ్వొత్తి వెలిగించలేదే, ఒక్క పూజ చెప్పించలేదే అని గుండెలు బాదుకుంది. ఆ బాధ ఆమెను మరి వదల్లేదు. పోయినవాళ్ళను ప్రార్థన లేకుండా వదిలేయడం కంటే పాపం లేదని ఆమె మనసులో పడిపోయింది.

ఇద్రీస్ వచ్చిన రోజు సంగతి సందులో అందరికీ తెలుసు. సూడాన్ దేశం నుంచి ఫార్మసీ చదవడానికి వచ్చిన కుర్రాడు. నల్లగా, పొడుగ్గా, వంగి నడుస్తూ ఉంటాడు. స్నేహితుడు ఉమర్‌ని వెంటబెట్టుకుని గది కోసం ఇల్లిల్లూ తిరిగాడు. గది ఖాళీగా ఉన్నవాళ్ళు కూడా లేదన్నారు. ఎందుకన్నారో చెప్పక్కర్లేదు, మన సంగతి మనకు తెలియంది కాదు. శౌరమ్మ కూడా గుమ్మంలో నిలబడి చెయ్యి అడ్డంగా ఊపింది. అప్పుడు ఇద్రీస్ ఉమర్‌తో తన భాషలో గొణిగాడు: "ముసలమ్మ మొహం మంచిదే, నోరే భయంగా ఉంది."

"నా నోటికేం వచ్చిందిరా?" అని శౌరమ్మ అదే అరబ్బీలో కేకేసింది. ఇద్రీస్ మెట్టు మీద నుంచి జారి పడబోయాడు. ఆ సాయంత్రానికల్లా అతని పెట్టె రేకుల గదిలో ఉంది. వారం తిరిగేసరికి అన్నం కూడా కిందే తినసాగాడు. ఆమెను 'ఖాల్తీ' అని పిలిచేవాడు. వాళ్ళ భాషలో అమ్మ తోడబుట్టినది అని అర్థం. మన పిన్ని, పెద్దమ్మ లాంటి పిలుపు.

ఇద్రీస్ తల్లి పేరు హవ్వ. ఫోన్‌లో మొదటిసారి ఆ పేరు విన్నప్పుడు శౌరమ్మ మురిసిపోయింది. "మా బైబిల్లో ఆదితల్లి పేరు నీది" అంది. "మాకూ ఆమే తల్లి" అంది అటునుంచి హవ్వ. ఇంక ఆ ఇద్దరి మధ్యకు ఎవరూ రాలేకపోయారు. ఈమె కువైట్ అరబ్బీకీ ఆమె సూడాన్ అరబ్బీకీ సగమే పొత్తు. మిగతా సగం చేతులతో, నవ్వులతో సరిపెట్టుకునేవారు. ఎండబెట్టిన బెండకాయలు పొడిచేసి మాంసంలో వేసే కూర ఒకటి హవ్వ నేర్పింది. బెండకాయ వరుగులు ఎరుగని ఇల్లు మనవైపు ఎక్కడుంది! శౌరమ్మ డాబా మీద చాపలు పరిచి బుట్టలకొద్దీ ఎండబెట్టింది. ఇద్రీస్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తల ఎత్తలేదు. ఉప్పు ఎక్కువైందేమో అనుకుంది. తీరా చూస్తే కళ్ళ వెంట నీళ్ళు. కొడుకు ఫోన్ కలవనప్పుడు చెయ్యడానికి హవ్వ శౌరమ్మ నంబరు కూడా తీసుకుంది. అలా మొదలై చివరికి కొడుకుతో కన్నా ఈమెతోనే ఎక్కువ మాట్లాడేది.

తర్వాత అక్కడ యుద్ధం వచ్చింది. ఒకే ప్రభుత్వంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు సైన్యాధికారులు కుర్చీ కోసం ఊళ్ళ మీద ఊళ్ళు తగలబెట్టుకున్నారు. శౌరమ్మ రోజూ టీవీ పెట్టి చానళ్ళన్నీ తిప్పేది. మన టీవీల్లో ఆ ముక్క రాదు. సినిమావాళ్ళ విడాకులు వచ్చేవి, అసెంబ్లీలో తిట్లు వచ్చేవి. "అంతమంది చస్తుంటే ఒక్కడూ చెప్పడేంట్రా?" అని ఇద్రీస్ మీదే విరుచుకుపడేది, ఆ చానళ్ళన్నీ అతనివే అయినట్టు.

హవ్వ ఉండేది ఎల్ ఫాషర్ అనే ఊళ్ళో. తిరుగుబాటు మూక ఆ ఊరిని చుట్టుముట్టి దారులన్నీ మూసేసింది. గింజ లోపలికి పోదు, మనిషి బయటికి రాడు. ఫోన్ ఎప్పుడో ఒకసారి కలిసేది. ఒకరోజు "ఏం వండావు?" అని శౌరమ్మ అలవాటుగా అడిగింది. హవ్వ ఏదో మాట చెప్పింది, ఈమెకు అర్థం కాలేదు. ఇద్రీస్‌ని అడిగితే గోడకేసి చూస్తూ చెప్పాడు:

"వేరుశనగ నూనె తీసేశాక మిగిలే చెక్క, ఖాల్తీ. పశువులకు పెడతారు."

ఉయ్యూరులో గేదెల కుడితిలో ఆ చెక్క నానబెట్టిన చేతులు శౌరమ్మవి. ఆ పూట అన్నం గిన్నె దించి మూత పెట్టేసింది. తినమని ఇద్రీస్‌ని తిట్టనిది ఆ ఒక్కరోజే.

"ఎవరి కోసంరా ఇదంతా?" అని అడిగింది.

అతను ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. ఏదో చల్లటి దేశంలో పెద్ద హోటలు. గుండ్రటి బల్ల, బల్ల మీద పూలు, నీళ్ళ సీసాలు, సూట్లు వేసుకున్న పెద్దమనుషులు. శాంతి చర్చలట.

"అంత పెద్ద పెద్ద దేశాలోళ్ళు కూచున్నారు గదా. ఆపండ్రా అంటే ఆపరా?"

"వాళ్ళలో కొందరు తుపాకులిస్తారు ఖాల్తీ. కొందరు అమ్ముతారు. కొందరు ఇచ్చినోళ్ళకి స్నేహితులు. మా దగ్గర బంగారం ఉంది. సముద్రం ఉంది. మనుషులే ఎక్కువయ్యారు."

బంగారం అనగానే శౌరమ్మ చూపు తన చేతి మీద పడింది. గల్ఫ్‌లో కొన్న గాజులు. అక్కడి దుకాణాల్లో బంగారం ఎక్కడి నుంచి వస్తుందో ఆమె ఏనాడూ అడగలేదు. ఎవరడుగుతారు? తూకం సరిపోయిందా, మెరుపు బాగుందా అనే చూస్తాం. మాణిక్యమ్మ తర్వాత ఒకరోజు "గాజులేవి వదినా?" అంటే, "చేతికి దురద పుడుతోంది" అని బీరువా వైపు చూపించింది.

అక్టోబరు చివర్లో ఆ ఊరు పడిపోయింది. ఇళ్ళల్లో దూరి చంపారని, ఆసుపత్రిలో మంచాల మీద ఉన్నవాళ్ళను కూడా వదల్లేదని ఉమర్ వచ్చి చెప్పాడు. కాల్చినవాళ్ళే వీడియోలు తీసి పెట్టారట. ఇద్రీస్ ఆ వీడియోలన్నీ చూశాడు. తల్లి మొహం కోసం చచ్చినవాళ్ళ మొహాలన్నీ ఆపి ఆపి చూశాడు. హవ్వ ఫోన్ మోగలేదు. హవ్వ వీధిలోవాళ్ళవి కూడా మోగలేదు.

"వస్తుంది. నడుచుకుంటూ బయటపడి ఉంటుంది. అమ్మకు నడవడం అలవాటు" అనేవాడు. రోజూ అదే మాట. శౌరమ్మ "ఊ" అనేది. కానీ లోపల ఆమె హవ్వను చంపేసుకుంది. తన తల్లి విషయంలో జరిగిందే మళ్ళీ జరుగుతోందని, పిచ్చివాడు తెలియక ఎదురుచూస్తున్నాడని, ఆ ఆత్మ దిక్కులేకుండా అక్కడ తిరుగుతోందని నమ్మేసింది. ఇదే ఆమె చేసిన పొరపాటు. ప్రేమ లేకపోతే ఇలాంటి పొరపాటు ఎవరూ చెయ్యరు.

నవంబరు రెండో తారీఖు సమాధుల పండుగ. గుణదలలో అది పెద్దరోజు. ముందుగానే సమాధులకు సున్నం వేసి, శిలువలకు రంగు వేసి, బంతిపూలు చుడతారు. సాయంత్రం సమాధుల తోటలోనే ఫాదర్ గారు పూజ చేస్తారు. ఎవరింట్లో పోయినవాళ్ళ పేర్లు వాళ్ళు ముందుగా చెప్పుకుంటే మైకులో చదివి ప్రార్థిస్తారు. ఆ తర్వాత సమాధుల మధ్య నడుస్తూ తీర్థం చల్లుతారు. శౌరమ్మ ఏటా రెండు పేర్లు చెప్పేది. ఈసారి మూడు చెప్పింది.

"హవ్వ ఎవరమ్మా?" అని ఫాదర్ అడిగారు.

"నా చెల్లెలేనండీ. దూరాభారం. పూడ్చినోళ్ళు కూడా ఉన్నారో లేదో."

ఆయన పాపం ఇంకేం అడుగుతారు. అలాంటి పేరు మన క్రైస్తవుల్లో కొత్తా? రాసుకున్నారు.

ఏటా జోజి సమాధికి సున్నం బకెట్టు మోసేది ఇద్రీసే. ఈసారి మాటవరసకు వద్దంది, అయినా అతనే వచ్చాడు. గదిలో ఒక్కడూ కూర్చోలేకపోతున్నానన్నాడు. వద్దని గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. తల్లి కోసం ప్రార్థన జరిగే చోట కొడుకు ఉంటే మంచిదేననుకుంది. మెల్లగా తర్వాత చెప్పొచ్చులే అనుకుంది. చదివేది మైకులోనని, ఇద్రీస్‌కి ఇప్పుడు తెలుగు బాగానే వచ్చని ఆమెకు తట్టనే లేదు.

చీకటి పడుతుండగా తోటంతా కొవ్వొత్తులు వెలిగాయి. ఇద్రీస్ జోజి సమాధి మీద పడిన ఎండుటాకులు ఏరుతున్నాడు. మైకులో ఫాదర్ గారి గొంతు వినపడుతోంది. "మృతులైన మన సహోదరులు, సహోదరీలు... అమలమ్మ, జోజి, హవ్వ..."

ఇద్రీస్ లేచి నిలబడ్డాడు. చేతిలో ఆకులు అలాగే ఉన్నాయి. మైకు వైపు చూశాడు, తర్వాత శౌరమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఇంక అతనికి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

"నీకు ఫోన్ వచ్చిందా?" అని తెలుగులో అడిగాడు.

"లేదురా."

"ఎవరన్నా చెప్పారా?"

"లేదు నాయనా. ప్రార్థనేగా, మంచిదని..."

"ఎవరూ చెప్పకుండా మా అమ్మని చచ్చినోళ్ళలో కలిపావా?"

గొంతు పెంచలేదు. పక్క సమాధివాళ్ళకు వినపడలేదు కూడా. బకెట్టు అక్కడే వదిలేసి, వెలుగుతున్న కొవ్వొత్తుల మధ్య నుంచి కాలు తగలకుండా చూసుకుంటూ నడిచి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి కిందికి తినడానికి రాలేదు. శౌరమ్మ కంచం పట్టుకుని మెట్లెక్కితే తలుపు తీసి, "ఆ మైకు నా చెవిలో ఆగట్లేదు ఖాల్తీ. ఇప్పుడు అమ్మని తలుచుకుంటే ముందు ఆ ఫాదర్ గొంతే వస్తోంది" అన్నాడు. తప్పైపోయిందని ఒక్క మాట అంటే పోయేది. ఊరంతా వినేలా మాట్లాడే మనిషికి ఆ మాట రాలేదు. పైగా ఉక్రోషం వచ్చింది. "నీ తల్లికి నేను ప్రార్థన చేయించడం తప్పా? నా తల్లికి చెయ్యలేక నేను ఎంత ఏడ్చానో నీకేం తెలుసు?" అని కంచంతో సహా దిగివచ్చేసింది. అతను పిలవలేదు. ఆమె మళ్ళీ ఎక్కలేదు. ఒకే కప్పు కింద ఇద్దరూ అలా బిగుసుకుపోయారు. కుళాయి దగ్గర శౌరమ్మ నోరు పడిపోయిందేమిటని సందులో అందరూ చెవులు కొరుక్కున్నారు.

ఆ నెలాఖరున ఒక పొద్దున ఇద్రీస్ వీపున సంచి తగిలించుకుని దిగాడు. శౌరమ్మ పెరట్లో చేపలు తోముతోంది. అతను పెరటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. ఆమెకు అతని కాళ్ళు కనపడుతూనే ఉన్నాయి. తలెత్తి ఎక్కడికని అడగొచ్చు. తనే ముందు మాట్లాడాలా, వాడు మాట్లాడకూడదా అనుకుంది. చేప తిరగేసి రెండో వైపు పొలుసు తీసింది. తలెత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

గది ఖాళీ చెయ్యడానికి ఉమర్ వచ్చాకే తెలిసింది. తల్లిని వెతకడానికి వెళ్ళాడు. పక్క దేశం చాద్ దాకా విమానం, అక్కడి నుంచి సరిహద్దు దాటి లోపలికి. ఎంతమంది ఆపినా వినలేదట. "బతికుంటే తీసుకొస్తా. లేకపోతే నా చేత్తో మట్టేస్తా. మైకులో విని ఊరుకోలేను" అన్నాడట. సరిహద్దు దాకా ఉమర్‌కి మెసేజీలు వచ్చాయి, ఎటు నుంచి దాటుతున్నాడో మాత్రం వాటిలో లేదు. తర్వాత ఫోన్ ఆగిపోయింది.

శౌరమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా గుడికి పరుగెత్తింది. "ఆ పేరు తీసెయ్యండి ఫాదర్ గారూ, నేను తప్పు చెప్పాను" అని కాళ్ళమీద పడింది. సంగతంతా విని ఆయన ఆమెను లేపి కూర్చోబెట్టారు. "చదివిన పేరు తీసెయ్యడమంటూ ఉండదమ్మా. బతికున్నవాళ్ళ కోసం చేసే ప్రార్థనలో మళ్ళీ చదువుతాను" అన్నారు. మాట ప్రకారం ఆదివారం చదివారు. హవ్వ, ఇద్రీస్, రెండు పేర్లూ గుడిలో ఖంగుమని వినపడ్డాయి. వినాల్సిన మనిషి మాత్రం లేడు.

క్రిస్మస్ వెళ్ళిపోయింది. ఇంటి మీద కట్టిన కాగితపు నక్షత్రం వెలిసి చిరిగింది. శౌరమ్మ దాన్ని దింపుతుండగా ఫోన్ మోగింది. మిట్టమధ్యాహ్నం. ఏదో పొడుగాటి నంబరు. కాలు జారకుండా స్టూలు దిగి ఎత్తింది.

"శౌరా?"

గొంతు సన్నగిల్లింది కానీ ఆ పిలుపు వేరెవరికీ రాదు. శౌరమ్మ నేల మీద కూలబడింది. హవ్వ గబగబా మాట్లాడింది. సూడాన్‌లోనే ఒకచోట శరణార్థుల గుడారాల్లో ఉంది. నడిచి బయటపడింది. దారిలో ఫోను లాక్కున్నారు, చెవుల పోగులు లాక్కున్నారు. చీరలా చుట్టుకునే గుడ్డ అంచు లోపల రెండు నంబర్లు సిరాతో రాయించుకుంది కాబట్టి అవి మిగిలాయి. ఇన్నాళ్ళూ జ్వరంతో లేవలేదు. ఈ ఫోను పదిమందికి ఒక్కటి, వరసలో నిలబడి చేస్తున్నారు. కొడుకు నంబరు పలకడం లేదు.

"వాణ్ణి పిలువు శౌరా. ఒక్క మాట. నేనున్నానని చెప్పు, చాలు."

ఏదో ఒకటి చెప్పి రేపటికి నెట్టేయొచ్చు. ఆ పాపం తనకు ఒకసారి జరిగింది, తను చెయ్యదు.

"ఇక్కడ లేడు హవ్వా. నిన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నీ దేశానికే వచ్చాడు. నా వల్లే వచ్చాడు. నువ్వు లేవనుకుని నీ పేరు చదివించాను. నన్ను చంపెయ్యి."

హవ్వ ఏడవలేదు, తిట్టలేదు. చదివించడమంటే ఏమిటో ఆమెకు అర్థమైందో లేదో కూడా తెలియదు. దారి తప్పిన పిల్లవాడి గురించి వాకబు చేస్తున్నంత జాగ్రత్తగా అడిగింది.

"ఏ దారిన వచ్చాడు?"

"ఏంటి?"

"చాద్ నుంచి లోపలికి రెండు దారులు. ఒకదాంట్లో డబ్బు తీసుకుని వదిలేస్తారు. రెండో దారిలో మగపిల్లల్ని బండి దింపేస్తారు. దింపినవాళ్ళు మళ్ళీ ఎక్కరు. ఏ దారి శౌరా? నీకు చెప్పే ఉంటాడు. నీకు చెప్పకుండా వాడు ఏదీ చెయ్యడు."

శౌరమ్మ నోటికి ఆ రోజు పెరట్లో అడగని మాటలన్నీ అడ్డం పడ్డాయి. అడిగితే చెప్పేవాడే. చెప్పడానికే గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"నాకు తెలీదు హవ్వా. నేను అడగలేదు."

అటువైపు ఎవరో ఫోను ఇచ్చెయ్యమని అరుస్తున్నారు. హవ్వ వాళ్ళకు ఏదో సర్దిచెప్పింది.

"అయితే కనుక్కో. రేపు మళ్ళీ వచ్చి వరసలో నిలబడతాను" అంది. ఫోను పెట్టేసింది.

మాణిక్యమ్మ వచ్చి, "ఎవరు వదినా?" అని అడిగేసరికి శౌరమ్మ ఇంకా నేల మీదే ఉంది. రేపు హవ్వ ఫోన్ చేస్తుంది. ఏ దారో చెప్పగలిగినవాడు ఒక్క ఇద్రీసే.